పిల్లి వైర్లు, ఊలు, కవర్లు కొరుకుతోందా? కారణం పట్టుకుని మాన్పించే పద్ధతి

పిల్లి చార్జరు వైరు కొరికిందంటే అది పొగరూ కాదు, మన మీద కసీ కాదు. పిల్లికి చేతులు లేవు. పట్టుకుని చూడటం, వేటను చంపడం, చీల్చడం, పసితనంలో తల్లి దగ్గర చప్పరించడం, అన్నీ నోటితోనే చేస్తుంది. అందుకే ఆకలేసినా, తోచకపోయినా, పన్ను నొప్పెట్టినా, బెంగ పట్టుకున్నా ముందు నోటికే పని పడుతుంది. ఆ పని ఎందుకు పడిందో తేల్చకుండా వస్తువులు దాచుకుంటూ పోతే, వైరు వదిలేసి చెప్పుల మీద పడుతుంది. చెప్పులు దాస్తే కర్టెన్ల మీద పడుతుంది.

ముందు తేల్చుకోవాల్సింది: కొరుకుతోందా, చప్పరిస్తోందా, మింగుతోందా?

ఈ మూడూ వేరు వేరు అలవాట్లు. కారణాలు వేరు, ప్రమాదం వేరు, మందు వేరు. మూడింటినీ కలిపి 'మా పిల్లి అన్నీ నమిలేస్తోంది' అనేయడం వల్లే చాలామంది నెలల తరబడి తప్పుడు వైద్యం చేస్తుంటారు.

పాడైన వస్తువును వెలుతురులో పెట్టి దగ్గరగా చూడండి. పిల్లి దవడ పైకీ కిందికీ తప్ప, ఆవు దవడలా పక్కలకు తిరగదు. పక్క పళ్లు కత్తెర రెక్కల్లా ఒకదాని పక్కనుంచి ఒకటి జారి కోస్తాయి. కాబట్టి వైరు మీద ఎదురెదురుగా నొక్కులు పడతాయి, పైతొడుగు కోసినట్టు తెగుతుంది. కొరికేటప్పుడు తల ఒక పక్కకు వంచి పెడుతుంది. ఇది కొరకడం.

స్వెట్టరు మీదో దుప్పటి మీదో గుండ్రంగా తడి మరక ఉండి, అక్కడి నూలంతా అట్టకట్టినట్టు ఉంటే అది చప్పరించడం. ఆ సమయంలో పిల్లి కళ్లు సగం మూసి, గురగురమంటూ, ముందుకాళ్లతో పిండి పిసికినట్టు తొక్కుతుంది. పాలు తాగే కూన చేసే పనే అది.

మింగుతోందో లేదో తెలియాలంటే ముక్కలు ఏరాలి. నేలమీద పడ్డ ముక్కలన్నీ తెచ్చి, తెగిన చోట పేర్చి చూడండి. అట్టపెట్టె మూలలు చీల్చి పక్కన ఉమ్మేసే పిల్లి అయితే ముక్కలన్నీ సరిపోతాయి. రబ్బరు చెప్పులో గోరంత ముక్క లెక్కకు రాలేదంటే అది కడుపులోకి పోయిందనే అనుకోవాలి. మలంలోనూ వాంతిలోనూ దారాలు, ప్లాస్టిక్ పీలికలు ఉన్నాయేమో వారం రోజులు చూడండి.

దీంతోపాటు రెండు వారాలు ఒక కాగితం మీద రాయండి: ఏ వస్తువు, ఎన్ని గంటలకు, ముందు తిండి తిని ఎంతసేపైంది, ఆ సమయంలో ఇంట్లో ఎవరున్నారు, కొరికాక మీరేం చేశారు. ఆఖరి గడి అనవసరమనిపిస్తుంది గానీ చాలా ఇళ్లలో అసలు సంగతి బయటపడేది అక్కడే. తెల్లవారుజామున 5 గంటలకు మంచం పక్కన ప్లాస్టిక్ కవరు నమిలితే మీరు లేస్తారు, లేచి తిండి పెడతారు. పిల్లికి అది అలారం. ఇలాంటప్పుడు ఆ గంటకన్నా ముందే దానంతటదే తెరుచుకునే తిండి డబ్బా ఒకటి పెట్టి, కవర్లన్నీ ఆ గదిలోంచి తీసేయండి. ఇక ఎంత చప్పుడు చేసినా లేవకూడదు. మొదటి వారం చప్పుడు ఇంకా పెరుగుతుంది. అక్కడ మెత్తబడి లేస్తే, ఇంకాస్త గట్టిగా చేస్తే పని జరుగుతుందని మీరే నేర్పినట్టవుతుంది.

ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సినవి

దారం అన్నిటికన్నా ప్రమాదం. కుట్టు దారం, ఊలు, రిబ్బను, గాలిపటం దారం, ఆటబొమ్మ తాడు ఏదైనా సరే. పిల్లి నాలుక మీద ముళ్లు గొంతు వైపు వాలి ఉంటాయి. నాలుక మీదికెక్కిన దారాన్ని ఉమ్మేయడం దానికి కష్టం. ముళ్లు దాన్ని లోపలికే నెడతాయి. ఒక కొస నాలుక కిందో, పొట్ట చివర్లోనో చిక్కుకుంటే, మిగతా దారాన్ని పేగు ముందుకు లాగుతూ పోతుంది. దారం కదలదు. దాంతో పేగే దారం మీద లంగా కుచ్చుల్లా ముడుచుకుంటుంది. ఆ బిగువుకు పేగు గోడ కోసుకుపోవచ్చు.

కాబట్టి నోటినుంచి గానీ, మలద్వారం నుంచి గానీ దారం వేలాడుతుంటే లాగకూడదు. ఎంత కొంచెం కనిపించినా సరే. సూది ఉన్న దారమైతే మరీ. ఉన్నది ఉన్నట్టుగా తీసుకెళ్లండి. ఎక్స్‌రేలో దారం చాలాసార్లు కనబడదు. అందుకని 'దారం మింగి ఉండొచ్చు, ఇంత పొడవు కనబడటం లేదు' అని డాక్టరుకు మీ నోటితో చెప్పడం ముఖ్యం.

కరెంటు వైరు కొరికి పడి ఉంటే ముందు మెయిన్ స్విచ్ ఆపండి, తర్వాతే పిల్లిని ముట్టుకోండి. పెదవుల మీద, నాలుక మీద బూడిద రంగులో గానీ తెల్లగా గానీ మచ్చ ఉంటే కాలిందన్నమాట. లేచి తిరుగుతోంది కదా అని ఊరుకోవద్దు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడం కొన్ని గంటల తర్వాత మొదలు కావచ్చు. నిద్రలో ఊపిరి నిమిషానికి 30 దాటితే అది చెడ్డ సూచన.

బటన్ బ్యాటరీ లోపలి చర్మాన్ని నిమిషాల్లోనే కాల్చడం మొదలుపెడుతుంది. లిల్లీ జాతి పూలమొక్కలు ఇంకో గండం. ఆకు కొరికినా, ఒంటిమీద పడిన పుప్పొడి నాకినా పిల్లి మూత్రపిండాలు దెబ్బతింటాయి. లక్షణాలు కనిపించేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. ఇవేవీ కాకపోయినా మళ్లీ మళ్లీ వాంతి, ఒక రోజంతా తిండి ముట్టకపోవడం, రెండు రోజులుగా మలం రాకపోవడం, వీపు గూనిపెట్టి ముడుచుకుని కూర్చోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అదే రోజు చూపించాలి.

ఇంట్లో వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. ఉప్పునీళ్లు, హైడ్రోజన్ పెరాక్సైడ్ పిల్లికి మింగిన వస్తువుకన్నా ఎక్కువ హాని చేయగలవు.

కూన అయితే: పళ్ల సంగతి

పిల్లికూనకు 26 పాలపళ్లు ఉంటాయి. మూడున్నర, నాలుగు నెలల వయసులో అవి ఊడటం మొదలై, ఆరేడు నెలలకల్లా 30 శాశ్వత పళ్లు వచ్చేస్తాయి. ఈ మూడు నెలలూ చిగుళ్లు దురదపెడతాయి, కనబడినదల్లా కొరుకుతుంది. ఇది జబ్బు కాదు, దానంతటదే తగ్గుతుంది. ఊడిన పాలపన్ను మింగేసినా భయం లేదు.

ఈ వయసులో చేయాల్సిందల్లా కొరకడానికి ఒప్పుకోదగ్గ వస్తువులు ఇవ్వడం. మెత్తటి రబ్బరు బొమ్మలు రెండుమూడు ఉంచుకుని రోజుకొకటి మార్చండి. దారాలు ఊడని మందపాటి నూలు గుడ్డను తడిపి, మెలితిప్పి, ఫ్రిజ్‌లో అరగంట పెట్టి ఇస్తే చిగుళ్లకు హాయిగా ఉంటుంది. ఐదు నుంచి పది నిమిషాలు, మీరు పక్కనే ఉన్నంతసేపు మాత్రమే ఇచ్చి తర్వాత తీసేయండి. బొమ్మ గట్టిదనం చూడాలంటే గోటితో నొక్కండి. నొక్కు పడితే పన్నుకు మంచిది, పడకపోతే పన్ను విరగొచ్చు. మీ వేళ్లు మాత్రం ఆటబొమ్మలు కాకూడదు. నాలుగు నెలల కూన కొరికితే ముద్దొస్తుంది, అదే అలవాటు నాలుగు కిలోల పిల్లికి ఉంటే రక్తమొస్తుంది.

నొప్పి తగ్గుతుందని మనుషుల మాత్రలు ఇవ్వవద్దు. పారాసెటమాల్ ఒక్క మాత్రతో పిల్లి చనిపోవచ్చు.

ఏడో నెలలో పెదవి ఎత్తి చూడండి. ఒకేచోట రెండు కోరలు పక్కపక్కన ఉంటే పాలకోర ఊడలేదని అర్థం. దాన్ని తీయించాలి, లేదంటే మధ్యలో తిండి ఇరుక్కుని చిగురు చెడుతుంది.

పెద్ద పిల్లి కొత్తగా మొదలుపెడితే

మూడేళ్లు బుద్ధిగా ఉన్న పిల్లి నాలుగో ఏట హఠాత్తుగా వస్తువులు మింగడం మొదలుపెడితే బొమ్మలు కొనకండి, పరీక్ష చేయించండి. అంతవరకూ లేని అలవాటు వచ్చిందంటే ఒంట్లో ఏదో మారింది.

రక్తం తక్కువైన పిల్లి మలం పెట్టెలోని ఇసుకనూ, మట్టినీ, గోడ సున్నాన్నీ నాకుతుంది. పై పెదవి ఎత్తితే చిగురు గులాబీ రంగులో ఉండాలి, పాలిపోయి ఉంటే అదే కారణం కావచ్చు. కొన్ని పిల్లులకు చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి. అప్పుడు కింది కనురెప్ప లోపలి రంగు చూడండి. పంటి జబ్బు ఉంటే ఒక పక్కతోనే తింటుంది, గింజలు నోట్లోంచి జారవిడుస్తుంది, నోరు వాసనొస్తుంది. కడుపులో వికారం ఉన్న పిల్లి దొరికిందల్లా నాకి మింగుతుంది, తరచూ వాంతి చేసుకుంటుంది. ఎనిమిది, పదేళ్లు దాటిన పిల్లి బాగా తింటూనే చిక్కిపోతుంటే థైరాయిడ్ ఎక్కువైందేమో చూడాలి. నీళ్లు ఎక్కువగా తాగి మూత్రం ఎక్కువగా పోస్తుంటే మధుమేహమో, మూత్రపిండాల జబ్బో అయ్యుండొచ్చు.

చిక్కిపోవడం కంటికి కనబడదు, బొచ్చు దాచేస్తుంది. వారానికోసారి పిల్లిని ఎత్తుకుని తూకం మీద నిలబడండి, తర్వాత ఒక్కరే నిలబడండి, తేడా రాసుకోండి. నాలుగు కిలోల పిల్లి 200 గ్రాములు తగ్గిందంటే ఒంట్లో ఇరవయ్యో వంతు పోయింది. మనిషి లెక్కలో 60 కిలోలవాడు 3 కిలోలు తగ్గినట్టు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు కొరికిన వస్తువు, దాని ముక్కలు, అరనిమిషం వీడియో, మీరు రాసిన కాగితం, ఆ రోజు మలం కొంచెం మూతున్న డబ్బాలో తీసుకెళ్లండి. ఆస్పత్రి బల్లమీద పిల్లి ఏదీ కొరకదు, బిగుసుకుపోయి కూర్చుంటుంది. వీడియో లేకపోతే డాక్టరుకు మీ మాట తప్ప ఆధారం ఉండదు.

ఊలు చప్పరించే పిల్లులు

సియామీ, బర్మీ, బిర్మన్ జాతుల్లో ఈ అలవాటు ఎక్కువ. తల్లినుంచి మరీ తొందరగా విడదీసిన కూనల్లోనూ కనిపిస్తుంది. కనీసం ఎనిమిది వారాలు, వీలైతే పన్నెండు వారాలు తల్లి దగ్గర ఉంచడం మంచిదనడానికి ఇదీ ఒక కారణం.

చప్పరించి ఊరుకుంటే, ఒకే దుప్పటికి అలవాటు పడి ఉంటే, దాన్ని మానిపించాల్సిన అవసరం లేదు. అది దానికి ఓదార్పు. లాగేసుకుంటే బెంగ పెరిగి ఇంకేదో పట్టుకుంటుంది. వారానికోసారి దుప్పటి అంచులు చూసి వేలాడే దారాలు కత్తిరిస్తే చాలు.

కన్నాలు పడుతున్నాయంటే చప్పరించడం మింగడంలోకి దిగింది. అప్పుడు ఊలు, అల్లిక బట్టలు, మెత్తటి కంబళ్లు అన్నీ తలుపు మూసుకునే బీరువాలోకి వెళ్లాలి. పడుకోవడానికి గట్టి నేతతో నున్నగా ఉన్న గుడ్డ వేయండి, అది పంటికి చిక్కదు. పీచు ఎక్కువున్న పిల్లి తిండి కొన్నిటికి బాగా పనిచేస్తుంది. డాక్టరుతో మాట్లాడి, పాత తిండిలో కొంచెం కొంచెంగా కలుపుతూ ఏడు నుంచి పది రోజుల్లో పూర్తిగా మార్చాలి. ఒక్కసారిగా మారిస్తే విరేచనాలైనా పట్టుకుంటాయి, లేదా తిండే మానేస్తుంది. బీరువాలో కలరా ఉండలు వేయవద్దు. వాటిలోని నాఫ్తలీన్ పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తుంది.

ఆకలి, తోచకపోవడం: ఎక్కువ ఇళ్లలో ఇదే

వేటాడి బతికే పిల్లి రోజుకు పదిసార్ల దాకా తింటుంది. ఒక్కో ఎలుక దాదాపు 30 కిలోకేలరీల తిండి. దానికోసం పొంచాలి, ఉరకాలి, పట్టాలి, మెడ కొరకాలి, చీల్చాలి. ఇంటి పిల్లికి గిన్నెలో రెండు పూటలా పోస్తే నాలుగు నిమిషాల్లో తినేస్తుంది. ఆకలి తీరింది గానీ నోటి పని తీరలేదు. మిగిలిన ఆ పనే మీ వైరు మీద, అట్టపెట్టె మీద జరుగుతోంది.

నాలుగు కిలోల పెద్ద పిల్లికి ఇంట్లోనే ఉంటే రోజుకు సుమారు 200 నుంచి 250 కిలోకేలరీలు కావాలి. పొడి తిండి అయితే అది 50 నుంచి 65 గ్రాములు. ప్యాకెట్ మీది అంకె చూసి తూచండి. గుప్పెటతో కొలిస్తే సగానికి సగం తేడా వస్తుంది. దాన్ని ఐదారు భాగాలు చేసి, రెండు మూడు భాగాలను వెతుక్కుని, దొర్లించి తినేలా పెట్టండి. మూతున్న ప్లాస్టిక్ డబ్బాకు గింజకన్నా రెండింతల వెడల్పున రెండు మూడు కన్నాలు చేసి, కన్నాల అంచులు నున్నగా అరగదీసి, గింజలు పోసి నేలమీద పెట్టండి. మొదటి రోజే కష్టమైతే పిల్లి వదిలేస్తుంది. కాబట్టి ముందు కన్నాలు ఎక్కువ పెట్టి, అలవాటయ్యాక టేపుతో ఒక్కొక్కటీ మూసేయండి. ప్లాస్టిక్ మింగే పిల్లికి ఈ డబ్బా పెట్టకూడదు, పింగాణీ గిన్నెల్లో గదికొకటి దాచి పెట్టండి.

ఆట రోజుకు రెండు మూడుసార్లు, ఒక్కోసారి పది నుంచి పదిహేను నిమిషాలు. కర్రకు కట్టిన ఈక బొమ్మ మంచిది. దాన్ని పిల్లి మొహం మీదికి తేకండి, ఏ ఎలుకా పిల్లి మీదికి రాదు. దూరంగా పారిపోవాలి, కుర్చీ వెనక దూరాలి, ఒక క్షణం కదలకుండా ఆగాలి. ఆ ఆగినప్పుడే పిల్లి వెనక భాగం ఊగుతుంది, దూకబోతోందన్నమాట. పట్టుకోనివ్వండి, కొరకనివ్వండి, వెనక కాళ్లతో తన్ననివ్వండి. చివరి రెండు నిమిషాలు బొమ్మను నెమ్మదిగా ఆడించి, వెంటనే ఒక భాగం తిండి పెట్టండి. తిన్నాక ఒళ్లు నాకుకుని పడుకుంటుంది. లేజర్ లైటుతో ఆడిస్తే పట్టుకోవడానికి ఏమీ దొరకదు, కసి అలాగే మిగిలిపోయి తర్వాత వేరే వస్తువు మీద తీరుతుంది. ఆట అయ్యాక కర్ర బొమ్మను బీరువాలో పెట్టాల్సిందే. దారం సంగతి పైన చెప్పాం కదా.

ఆకులు కొరికే పిల్లికి గోధుమలో, బార్లీయో కుండీలో మొలకెత్తించి, జానెడు పెరిగాక పెట్టండి. మనీ ప్లాంటు, డిఫెన్‌బాకియా ఆకుల్లో సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి, కొరకగానే నోరు మండి చొంగ కారుతుంది. గన్నేరు, సైకాస్ ప్రాణానికే ముప్పు. వీటిని ఎత్తున పెడితే చాలనుకోవద్దు, పిల్లికి ఎత్తు అడ్డం కాదు.

వైర్లు కాపాడటం

పిల్లిని ఎక్కువగా లాగేవి సన్నగా ఉండి వేలాడే వైర్లు. కదులుతాయి కాబట్టి. ఫోను చార్జరు, ఇయర్‌ఫోన్లకు తొడుగు వేయడం దండగ, పని కాగానే ప్లగ్గు పీకి సొరుగులో పెట్టండి. ఎప్పుడూ ఉండాల్సిన వైర్లన్నీ ఒక కట్టగా చేర్చి, నిలువునా చీలిక ఉన్న ముడతల ప్లాస్టిక్ గొట్టంలో పెట్టండి. చీలిక గోడ వైపు తిప్పి, ప్రతి అడుగుకూ ఒక క్లిప్పుతో గోడకు బిగించండి. తొడుగు ప్లగ్గు దాకా రావాలి. రెండు వేళ్ల సందు వదిలినా పిల్లి అక్కడే మొదలుపెడుతుంది. స్ప్రింగులా చుట్టే తొడుగును సాగదీసి చుడితే మెలికల మధ్య వైరు కనబడుతుంది, ఇలా చుట్టడం కన్నా చుట్టకపోవడమే నయం.

పైతొడుగు తెగిన వైరుకు టేపు చుట్టి వాడుకోవడం వద్దు, మార్చేయండి. కరెంటు భూమిలోకి లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్ (ఆర్‌సీసీబీ) ఉంది కదా అన్న ధీమా కూడా వద్దు. పిల్లి పళ్లు కరెంటు తెచ్చే ఫేజు తీగనూ, వెనక్కి తీసుకెళ్లే న్యూట్రల్ తీగనూ కలిపితే కరెంటు దాని నోట్లోంచే వెళ్లి వెనక్కి వచ్చేస్తుంది, భూమిలోకి పోదు. ఆ స్విచ్‌కు లీకేజీ ఉన్నట్టే తెలియదు.

పిల్లికి తీపి తెలియదు, చేదు మాత్రం బాగా తెలుస్తుంది. అందుకే చేదు స్ప్రేలు పనిచేస్తాయి, కొన్ని పిల్లుల మీద. ప్లగ్గు తీసి, గుడ్డ మీద స్ప్రే చేసి, ఆ గుడ్డతో వైరు తుడిచి, పూర్తిగా ఆరాక ప్లగ్గు పెట్టండి. రెండు వారాలపాటు రోజూ రాయాలి. ఒకరోజు రాసి మానేస్తే చేదు పోతుంది. పక్కనే కొరకదగ్గ బొమ్మ ఉండాలి, లేకపోతే చేదు లేని ఇంకో వైరు వెతుక్కుంటుంది. కారప్పొడి, యూకలిప్టస్ నూనె, లవంగ నూనె, నిమ్మజాతి తొక్కల నూనె, కర్పూరం మాత్రం వాడవద్దు. ఒంటికంటుకున్నదాన్ని పిల్లి నాకుతుంది. ఈ నూనెల్లోని చాలా పదార్థాలను దాని కాలేయం విరిచి బయటికి పంపలేదు.

కొరుకుతూ కనబడితే

అరవకండి, నీళ్లు చల్లకండి. మీరున్నప్పుడు కొరకకూడదనే తప్ప, కొరకడమే తప్పని పిల్లికి అర్థం కాదు. నోట్లో ఉన్నదాన్ని లాగితే పోటీ పడి గుటుక్కున మింగేస్తుంది. దారం కాని వస్తువైతే, పక్క గదిలోంచి తిండి డబ్బా చప్పుడు చేయండి. వదిలేసి వస్తుంది. రాగానే పెట్టేయకుండా ఐదు పది క్షణాలు ఆగి, పేరు పెట్టి పిలిచో, కూర్చోబెట్టో, అప్పుడు ఒక గింజ పెట్టి ఆట మొదలుపెట్టండి. ఆ కాస్త ఆలస్యం లేకపోతే కొరికితే తిండి దొరుకుతుందని నేర్చుకుంటుంది. ఇంట్లో అందరూ ఇలాగే చేయాలి. ఒకరు నవ్వి వీడియో తీసి, ఇంకొకరు తిడితే రెండు వారాల శ్రమ పోతుంది.

ఆట, తిండి మార్పులు మొదలుపెట్టాక నాలుగు నుంచి ఆరు వారాలు చూడండి. కాగితం మీద లెక్క తగ్గుతుంటే సరైన దారిలో ఉన్నట్టే. ఏమాత్రం తగ్గకపోతే, ఒంట్లో జబ్బు లేదని పరీక్షల్లో తేలితే, బెంగ తగ్గించే మందుల గురించి డాక్టరుతో మాట్లాడొచ్చు. అవి గుణం చూపడానికి వారాలు పడుతుంది, మధ్యలో సొంతంగా ఆపకూడదు. వరుసగా నెల రోజులు ఒక్క కొరుకుడూ లేకపోతే తొడుగులు, అడ్డాలు ఒక్కొక్కటిగా, వారానికొకటి తీయండి. ఊలు మింగిన పిల్లికి మాత్రం బీరువా తలుపు జీవితాంతం మూసే ఉంచాలి. మానేసిందనుకున్న రెండేళ్ల తర్వాతైనా, ఇల్లు మారినప్పుడో కొత్త పిల్లి వచ్చినప్పుడో ఆ అలవాటు తిరిగి రావచ్చు.